కబురు అందని గడి

ఒక పల్లెటూరి పాల కేంద్రం ఊహించుకోండి. పొద్దునా సాయంత్రం రెండు పూటలా జనం క్యాన్లు పట్టుకుని వస్తారు. కేంద్రం నడిపే కుర్రాడు పాలు కొలిచి, మెషీన్‌లో వెన్న శాతం చూసి, ఆ రెండు అంకెలూ ఎక్సెల్ షీటులో కొడతాడు. పక్క గడిలో డబ్బు లెక్క తేలుతుంది. పదిహేను రోజులకోసారి ఆ లెక్కలే బిల్లులవుతాయి.

లెక్క పెద్ద కష్టమైనదేం కాదు. కిలో వెన్నకు ఇంత అని రేటు ఉంటుంది. పది లీటర్ల గేదె పాలు, ఆరు శాతం వెన్న అనుకుందాం. లీటరు పాలు కిలోకన్నా కాస్త ఎక్కువే తూగుతాయి గానీ, తేలిగ్గా ఉండడానికి లీటరంటే కిలో అనే పెట్టుకుందాం. అప్పుడు వెన్న 600 గ్రాములు. కిలోకు 700 రూపాయలైతే 420 రూపాయలు. అయితే శాతం ఒక మట్టానికి తగ్గితే కోత, పెరిగితే అదనం లాంటి మెలికలు కూడా ఉంటాయి. అదంతా ప్రతి గడిలోనూ రాయడం విసుగని మన కుర్రాడు సొంతంగా ఒక ఫంక్షన్ రాసుకున్నాడు. దానికి 'పాలబిల్లు' అని పేరు పెట్టాడు. గడిలో =పాలబిల్లు(సి5, డి5) అని కొడితే చాలు. సి5లో లీటర్లు, డి5లో వెన్న శాతం. మరి రేటు? అది 'ధరలు' అనే వేరే షీటులో బి2 గడిలో ఉంది. ఫంక్షనే లోపలి నుంచి వెళ్ళి చూసుకుని వస్తుంది.

కొన్ని నెలలు ఇబ్బంది లేకుండా నడిచింది. ఒకనాడు రేటు 740 అయిందనీ, పక్షం మొదటి తారీఖు నుంచే లెక్కలోకి వస్తుందనీ చెప్పారు. కుర్రాడు బి2లో 740 కొట్టి బిల్లుల షీటుకు వచ్చాడు. 444 ఉండాల్సిన చోట 420 అలాగే ఉంది. ఎఫ్9 నొక్కాడు. 420. ఫైలు సేవ్ చేసి, మూసి, మళ్ళీ తెరిచాడు. 420. చివరికి ఆ గడిలోకి వెళ్ళి ఎఫ్2 నొక్కి, ఏమీ మార్చకుండా ఎంటర్ కొట్టాడు. 444 వచ్చింది! దాని కింది గడిలో మాత్రం పాత లెక్కే.

సొంత ఫంక్షన్లు రాసుకునేవాళ్ళలో ఈ అనుభవం తప్పినవాళ్ళు అరుదు. ఎక్సెల్ చెడిపోలేదు. గుణకారంలో తప్పు లేదు. బి2 మారిందన్న కబురు ఆ గడికి అందలేదు, అంతే. ఎందుకు అందలేదో తెలియాలంటే, మిగతా గడులన్నిటికీ కబురు ఎలా అందుతోందో ముందు చూడాలి.

నల్లబల్ల మీద లెక్క

1978లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో డాన్ బ్రిక్లిన్ అనే విద్యార్థి తరగతిలో కూర్చుని ఉన్నాడు. ప్రొఫెసర్ నల్లబల్ల మీద ఒక వ్యాపారం లెక్కలను పట్టికగా వేస్తున్నాడు. ఎక్కడో ఒక అంకె తప్పని తేలితే, లేదా మార్చి చూద్దామనుకుంటే, దాని మీద ఆధారపడ్డవన్నీ ఒక్కొక్కటే తుడిచి మళ్ళీ రాయాలి. ఆ తుడుపూ రాతా యంత్రమే చేస్తే ఎలా ఉంటుందని బ్రిక్లిన్‌కు తోచింది. స్నేహితుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి తయారు చేసిన ఆ ప్రోగ్రామ్ 'విసీకాల్క్' పేరుతో 1979లో యాపిల్ టూ కంప్యూటర్ మీద వచ్చింది. 63 నిలువు వరసలు, 254 అడ్డు వరసలు. ఒక గడి మారిస్తే మిగతావి వాటంతట అవే మారడం చూసి అకౌంటెంట్లు ఆ ప్రోగ్రామ్ కోసమే కంప్యూటర్ కొన్నారు.

కానీ విసీకాల్క్‌కు ఏ గడి ఏ గడి మీద ఆధారపడిందో తెలియదు. ఏదైనా మారితే షీటంతా మొదటి నుంచి లెక్క కట్టేది. నిలువుగా పైనుంచి కిందికి, లేదా అడ్డంగా ఎడమ నుంచి కుడికి. ఈ రెండిట్లో ఏది కావాలో మనమే చెప్పాలి. చిక్కంతా ఇక్కడే. కూడిక ఎ10లో చేసి, ఆ మొత్తం పైన శీర్షిక దగ్గర కనబడాలని ఎ1లో =ఎ10 అని రాశామనుకోండి. యంత్రం ముందు ఎ1కి వస్తుంది, అప్పటికి ఎ10లో ఇంకా పాత మొత్తమే ఉంటుంది. దాన్నే తెచ్చి ఎ1లో పెడుతుంది. తరవాత ఎ10 కొత్తదవుతుంది. తెర మీద పైన పాత మొత్తం, కింద కొత్త మొత్తం. ఆశ్చర్యార్థకం గుర్తు మీట నొక్కి రెండోసారి లెక్క కట్టిస్తేనే రెండూ కలిసేవి. అలాంటి మెలికలు మూడు నాలుగు ఉంటే అన్నిసార్లూ నొక్కాలి.

దీనికి మందు అప్పటికే ఉంది గానీ చాలామందికి తెలియదు. రెనె పార్డో, రెమీ లాండౌ అనే ఇద్దరు 1969లోనే పెద్ద కంప్యూటర్ల కోసం 'లాన్‌పార్' అనే పట్టికల భాష తయారు చేశారు. అందులో గడులు ఏ వరసలో రాసినా సరే, దేనికి ఏది ముందు కావాలో యంత్రమే తేల్చుకుని ఆ క్రమంలో లెక్క కట్టేది. 1970లో వాళ్ళు పేటెంటుకు అర్జీ పెట్టుకుంటే, ఇది ఉత్త గణితమని అమెరికా పేటెంట్ ఆఫీసు తోసిపుచ్చింది. కోర్టుకెక్కి గెలిచి 1983లో సాధించుకున్నారు. సరిగ్గా అదే ఏడు మిచ్ కేపర్, జొనాథన్ సాక్స్‌ల 'లోటస్ 1-2-3' మార్కెట్లోకి వచ్చి, ఈ 'సహజ క్రమం' పద్ధతిని చిన్న కంప్యూటర్లు వాడే లక్షల మందికి చేర్చింది. 1985లో మెకింటాష్ మీద పుట్టిన ఎక్సెల్ ఇంకో అడుగు వేసింది. క్రమం సరిగ్గా ఉంటే చాలదు, మారనివాటిని ముట్టుకోకూడదు కూడా. ఒక గడి మారితే దాని మీద ఆధారపడ్డవాటినే తిరిగి కట్టాలి.

మైల

ఎక్సెల్ ఈ పని ఎలా చేస్తుందో కొంచెం నింపాదిగా చూద్దాం. ఈ అధ్యాయానికి ఆయువుపట్టు ఇక్కడే ఉంది.

మీరు ఒక గడిలో =బి5*సి5 అని కొట్టి ఎంటర్ నొక్కగానే, లెక్క కట్టడానికి ముందే ఎక్సెల్ ఆ ఫార్ములాను ఒక వాక్యంలా చదువుతుంది. అందులో ఏయే గడుల పేర్లున్నాయో చూస్తుంది. బి5, సి5. వెంటనే తన దగ్గరున్న చుట్టరికాల పటంలో రాసుకుంటుంది, బి5 మారితే ఈ గడికి కబురు పెట్టాలి, సి5 మారినా పెట్టాలి అని. షీటులో ఉన్న ప్రతి ఫార్ములాకూ ఇలాగే. ఎంత పెద్ద షీటైనా ఈ పటం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

ఇప్పుడు బి5 మారింది. ఎక్సెల్ పటం తీసి, బి5 మీద ఆధారపడ్డ గడుల మీద ఒక గుర్తు వేస్తుంది. వాటి మీద ఆధారపడ్డవాటి మీద, మళ్ళీ వాటి మీద ఆధారపడ్డవాటి మీద. ప్రోగ్రామర్లు ఇలా గుర్తు పడ్డ గడిని ఇంగ్లీషులో 'డర్టీ' అంటారు. మనకు దానికన్నా చక్కగా అతికే మాట ఉంది, మైల. ఇంట్లో ఎవరైనా పోతే మైల ఊరంతటికీ ఉండదు. దాయాదులు ఎంత దూరాన ఉన్నా, కబురు అందగానే వాళ్ళకే ఉంటుంది. పక్కింటివాళ్ళకు గోడ కలిసి ఉన్నా ఉండదు. గడులూ అంతే. పక్కపక్కన ఉన్నాయా, వేరే షీటులో ఉన్నాయా అన్నది లెక్కలోకి రాదు, చుట్టరికమే లెక్క. మైల పడ్డ గడులనే ఎక్సెల్ తిరిగి కడుతుంది. కట్టగానే ఆ గడికి మైల తీరుతుంది.

ఏ గడి ముందు, ఏది తరవాత అనే క్రమాన్ని తేల్చే పద్ధతిని ఆర్థర్ కాన్ అనే ఆయన 1962లో ప్రచురించాడు. ఎక్సెల్ మాత్రం కాస్త మొరటుగా, అయినా తెలివిగా ఆ పని చేస్తుంది. గడులన్నిటినీ ఒక గొలుసుగా పెట్టుకుని కట్టుకుంటూ పోతుంది. మధ్యలో ఒక గడికి కావలసిన ఇంకో గడి ఇంకా మైలలోనే ఉందని తేలితే, మొదటిదాన్ని గొలుసులో వెనక్కి జరిపి ముందుకు సాగుతుంది. ఆ జరిపిన క్రమాన్ని గుర్తుంచుకుంటుంది కనుక మరుసటిసారి తడబాటు తక్కువ.

మన కుర్రాడి గడిని ఇప్పుడు ఈ కళ్ళతో చూడండి. =పాలబిల్లు(సి5, డి5). ఈ వాక్యంలో ఎన్ని గడుల పేర్లున్నాయి? రెండే. ఎక్సెల్ తన పటంలో రెండే చుట్టరికాలు రాసుకుంది. బి2 పేరు ఎక్కడుంది? ఫంక్షన్ లోపల, విజువల్ బేసిక్‌లో రాసిన కోడ్‌లో ఉంది. ఆ కోడ్ ఎక్సెల్‌కు తలుపు వేసి ఉన్న గది. విలువలు లోపలికి ఇస్తుంది, జవాబు బయటికి తీసుకుంటుంది. లోపల ఏం జరిగిందో చూడదు. బి2 మారినప్పుడు పటం తీసి వెతికితే ఈ గడి పేరు ఆ జాబితాలో లేదు. కబురు పోలేదు, మైల పడలేదు. ఎఫ్9 మీట మైల పడ్డవాటినే కట్టిస్తుంది కనుక దానికీ లొంగలేదు. ఎఫ్2 కొట్టి ఎంటర్ నొక్కితే ఫార్ములాను కొత్తగా రాసినట్టే, కాబట్టి ఆ ఒక్కటీ మారింది.

గది తలుపు ఎందుకు వేసి ఉండాలి, కోడ్‌ను కూడా చదవచ్చు కదా అని మీరు అడగవచ్చు. 1993 నుంచి ఎక్సెల్‌లో ఉన్న ఆ విజువల్ బేసిక్ పూర్తి స్థాయి ప్రోగ్రామింగ్ భాష. 'ఇవాళ సోమవారమైతే బి2 చూడు, కాకపోతే ఎఫ్7లో ఏ పేరుందో చదివి ఆ పేరున్న గడి చూడు' అని అందులో రాయవచ్చు. అలాంటి కోడ్ ఏయే గడులను తాకబోతోందో, నడపకుండా ముందే చెప్పగల పద్ధతి లేదు. ఎక్సెల్ తయారు చేసినవాళ్ళు దాన్ని వదిలేయడం సోమరితనం కాదు. తెలియనిదాన్ని ఊహించి చెప్పకూడదన్న నిర్ణయం అది.

ఎప్పుడూ పాతబడని ఫంక్షన్

సొంత ఫంక్షన్లన్నీ ఇలా మొండికేస్తాయనుకుంటే పొరపాటు. మన దేశంలోని ఆఫీసుల్లో అందరికన్నా ఎక్కువగా చేతులు మారిన సొంత ఫంక్షన్ ఏదంటే, నా అనుభవంలో, రూపాయలను అక్షరాల్లో రాసేదే. చెక్కు మీద, ఓచరు మీద 1,25,000 అని అంకెల్లో ఉంటే చాలదు, లక్షా ఇరవై ఐదు వేలు అని అక్షరాల్లో కూడా ఉండాలి. ఎక్సెల్‌లో దీనికి తయారు ఫంక్షన్ లేదు. థాయ్ కరెన్సీకి మాత్రం ఉంది! దాని పేరు బాట్‌టెక్స్ట్, అంకె ఇస్తే థాయ్ భాషలో అక్షరాల్లో రాసి పెడుతుంది. మనవాళ్ళు డాలర్ల కోసం ఉన్న కోడ్ తీసుకుని, మిలియన్ల చోట లక్షలూ కోట్లూ పెట్టి వాడుకుంటున్నారు.

ఆ ఫంక్షన్ ఎప్పుడైనా పాత జవాబు చూపించిందని ఎవరైనా చెప్పగా నేను వినలేదు. కారణం దాని తెలివి కాదు, దాని అమాయకత్వం. దానికి కావలసినదంతా బ్రాకెట్లలో ఇచ్చిన ఆ ఒక్క సంఖ్యే. కిటికీలోంచి తొంగిచూసి ఏ గడినీ చదవదు, గడియారం చూడదు, ఇంటర్నెట్‌ను అడగదు. ఇచ్చిన సంఖ్య మారితే జవాబు మారాలి, అది మారకపోతే జవాబు మారే ప్రసక్తే లేదు. గణితంలో ఫంక్షన్ అనే మాటకు అసలు అర్థం అదే. పాలబిల్లు ఆ అర్థంలో ఫంక్షన్ కాదు. అవే లీటర్లు, అదే శాతం ఇచ్చినా నిన్న 420, ఇవాళ 444 అంటుంది.

దండోరా

ఈ చిక్కులో పడ్డవాళ్ళకు తెలిసినవాళ్ళు మొదట చెప్పే చిట్కా ఒకటుంది. ఫంక్షన్ మొదట్లో 'అప్లికేషన్.వొలటైల్' అని ఒక్క వరస రాయమంటారు. అది ఎక్సెల్‌కు ఇచ్చే ఆజ్ఞ. ఈ గడికి ఎవరు చుట్టాలో చూడవద్దు, షీటులో ఏ లెక్క జరిగినా సరే దీన్ని తిరిగి కట్టు అని. ఎక్సెల్ సొంత ఫంక్షన్లలో కూడా కొన్ని ఇలాంటివున్నాయి. ఇప్పుడు సమయమెంతో చెప్పే నౌ, ఇవాళ్టి తేదీ చెప్పే టుడే, యాదృచ్ఛిక సంఖ్య ఇచ్చే ర్యాండ్, గడి పేరును అక్షరాల నుంచి కట్టుకునే ఇన్‌డైరెక్ట్. ఆఫ్‌సెట్ కూడా ఈ కోవలోదే.

చిట్కా పనిచేస్తుంది. 420 కాస్తా 444 అవుతుంది. కానీ ఇది ఒకరికి పంపాల్సిన కబురు కోసం ఊరంతా దండోరా వేయించడం లాంటిది. కేంద్రానికి 500 మంది పాలు పోస్తున్నారనుకోండి. రెండు పూటలు, 30 రోజులు. మొత్తం 30,000 గడులు. ఒక్కో గడికి సెకనులో వెయ్యో వంతు పట్టినా, అన్నీ కట్టడానికి 30 సెకన్లు. రేటు మారినప్పుడు మాత్రమే పడాల్సిన ఆ భారం ఇప్పుడు ఎవరి పేరులోనో అక్షరదోషం దిద్దినా పడుతుంది. పైగా 2007 నుంచి ఎక్సెల్ తన సొంత ఫార్ములాలను ప్రాసెసర్‌లోని అన్ని కోర్‌లకూ పంచి ఒకేసారి కట్టగలుగుతోంది గానీ, విజువల్ బేసిక్ ఫంక్షన్లు ఇప్పటికీ ఒకదాని తరవాత ఒకటి వరసలో నిలబడాల్సిందే. ఆ గడుల మీద ఆధారపడ్డ మొత్తాలూ సగటులూ కూడా ప్రతిసారీ మైల పడతాయి.

విసిగిపోయినవాళ్ళు అప్పుడు ఆటోమేటిక్ లెక్కను మాన్యువల్‌కు మారుస్తారు. ఇది రెండో తప్పు, మొదటిదానికన్నా పెద్దది. ఎక్సెల్‌లో ఆ అమరిక ఫైలుకు కాదు, ప్రోగ్రామ్ మొత్తానికి. ముందు తెరిచిన ఫైలు మాన్యువల్‌లో సేవ్ అయి ఉంటే, తరవాత తెరిచిన ఫైళ్ళన్నీ మాన్యువల్‌లోనే నడుస్తాయి. పాల లెక్క కోసం చేసిన మార్పు ఆ పూట తెరిచిన జీతాల షీటును కూడా నిలబెట్టేస్తుంది. మీ షీటులో మామూలు కూడికలు కూడా మారడం మానేశాయంటే సొంత ఫంక్షన్లను తిట్టుకునే ముందు ఫార్ములాల మెనూలో ఈ అమరిక చూడండి.

దండోరాకు లొంగనివీ ఉన్నాయి. డబ్బు ఇచ్చేసిన గడులకు పచ్చరంగు పూసి, పచ్చగా ఉన్నవి ఎన్నో లెక్కపెట్టే ఫంక్షన్ రాసుకునేవాళ్ళు ఎందరో. రంగు మార్చడం ఎక్సెల్ దృష్టిలో మార్పే కాదు. విలువ మారితేనే లెక్క మొదలవుతుంది, లెక్క మొదలైతేనే దండోరా మోగుతుంది. రంగు పూశాక ఎక్కడో ఒక అంకె కొట్టే దాకా, లేదా ఎఫ్9 నొక్కే దాకా ఆ సంఖ్య కదలదు. అందుకే 'ఇచ్చాం' అని ఒక గడిలో రాసి, ఆ మాటను లెక్కపెట్టి, దాన్ని బట్టి రంగు దానంతట అదే వచ్చేలా పెట్టుకోవడం మేలు. రంగును ఫలితంగా వాడుకోవాలి గానీ సమాచారంగా కాదు. నౌ కూడా గడియారంలా తిరగదు. ఏదో ఒక లెక్క జరిగినప్పుడే సమయం మారుతుంది.

అన్నిటికన్నా నాకు భయం కలిగించేది ఇంకొకటి. కుర్రాడు ఫంక్షన్ లోపల షీటు పేరు రాయకుండా ఉత్త 'బి2' అని రాశాడనుకోండి. అప్పుడు కోడ్‌కు బి2 అంటే ఆ క్షణాన తెర మీద తెరిచి ఉన్న షీటులోని బి2. దండోరా పెట్టి ఉంది కనుక, అతను ఇంకో షీటులో ఏదో కొడుతుండగా బిల్లులన్నీ ఆ షీటులోని బి2తో తిరిగి కట్టుకుంటాయి. అక్కడ ఎవరి ఫోన్ నంబరో ఉంటే దాన్నే రేటుగా తీసుకుంటాయి. అంత పెద్ద అంకె అయితే కంటికి ఆనుతుంది. అక్కడ పోయినేడాది రేటు ఉంటే? కబురు అందని గడి కనీసం నిన్నటి నిజం చెబుతుంది. ఈ గడి ఎన్నడూ నిజం కానిది చెబుతుంది.

బ్రాకెట్లలోకి తేవడమే

అసలు మందు చాలా చిన్నది. =పాలబిల్లు(సి5, డి5, ధరలు!బి2). అంతే. రేటును ఫంక్షనే వెళ్ళి తెచ్చుకోకుండా, మనమే బ్రాకెట్లలో పెట్టి ఇవ్వాలి. ఇప్పుడు వాక్యంలో బి2 పేరుంది. ఎక్సెల్ పటంలో చుట్టరికం రాసుకుంటుంది. రేటు మారిన క్షణాన 30,000 గడులూ మారతాయి, పేరులో అక్షరం దిద్దితే ఒక్కటీ కదలదు. ఇది దండోరా కాదు, ఎవరికి అందాలో వాళ్ళకే పోయే కబురు. రేట్లు ఒకటి కాక పట్టిక నిండా ఉంటే పట్టిక మొత్తాన్నీ, ధరలు!ఎ2:బి20 అని, బ్రాకెట్లలో ఇవ్వవచ్చు. అందులో ఏ గడి మారినా కబురు వస్తుంది. పాత కోడ్‌ను కదపడం ఇష్టం లేకపోతే, లోపల వాడకపోయినా సరే, ఆ గడిని అదనపు విలువగా చేర్చినా చాలు. చుట్టరికం పటానికి ఎక్కడమే కావలసింది.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. గొలుసులో వెనక్కి జరపడం గురించి చెప్పాను కదా. సొంత ఫంక్షన్ విషయంలో ఎక్సెల్ ముందు దాన్ని పిలుస్తుంది, అది మైలలో ఉన్న గడిని చదవబోతే అప్పుడు ఆపి, వెనక్కి జరిపి, తరవాత మళ్ళీ పిలుస్తుంది. ఒకే లెక్కలో ఒకే గడి కోసం మీ ఫంక్షన్ రెండు మూడుసార్లు నడవచ్చు. మొదటిసారి దానికి అందే విలువ ఖాళీగా ఉండవచ్చు. అలా ఖాళీ వస్తే పని చేయకుండా తిరిగి వచ్చేలా మొదట్లోనే ఒక పరీక్ష పెట్టుకోవడం మంచి అలవాటు.

గూగుల్ షీట్స్‌లో ఇదే సూత్రం ఇంకా కఠినం. అక్కడ సొంత ఫంక్షన్ మీ కంప్యూటర్‌లో కాక గూగుల్ సర్వర్ల మీద నడుస్తుంది. 30 సెకన్లలో జవాబు ఇవ్వకపోతే తప్పుగా లెక్క. అంత దూరం పోయి తెచ్చిన జవాబును షీటు దాచుకుంటుంది. బ్రాకెట్లలోని విలువలు మారకపోతే మళ్ళీ అడగనే అడగదు. దండోరా లాంటి సౌకర్యం అసలు లేదు. సరే, బ్రాకెట్లలో నౌ ఫంక్షన్ పెట్టి మోసగిద్దామనుకుంటే అదీ ఒప్పుకోదు. గడిలో 'లోడింగ్' అనే మాట అలాగే నిలిచిపోతుంది. ఇంటర్నెట్ నుంచి ధర తెచ్చే ఫంక్షన్‌ను గంటకోసారి కదిలించాలంటే చేయగల పని ఒకటుంది. గంటకోసారి నడిచే టైమర్ స్క్రిప్టు ఒకటి పెట్టి, దాని చేత ఒక మూల గడిలో అప్పటి సమయాన్ని మామూలు విలువగా రాయించాలి. ఆ మూల గడిని ఫంక్షన్‌కు అదనపు విలువగా ఇవ్వాలి. టైమర్ వద్దనుకుంటే అక్కడ ఒక చెక్‌బాక్స్ పెట్టుకుని, కావలసినప్పుడు టిక్కు పెట్టడం, తీయడం. 30,000 గడులకు 30,000 సార్లు సర్వర్‌ను పిలవకుండా, వరస మొత్తాన్నీ ఒకేసారి ఇచ్చి జవాబుల వరసను ఒకేసారి తెచ్చుకోవడం అక్కడ తప్పనిసరి.

షేర్ల ధరల్లా క్షణక్షణం బయటినుంచి వచ్చేవాటికి దారి వేరు. 'ఎక్సెల్ 2002' అనే వెర్షన్‌లో ఆర్‌టీడీ అనే ఫంక్షన్ చేర్చారు. అందులో గడి వెళ్ళి అడగదు. బయటి ప్రోగ్రామే 'కొత్త ధర వచ్చింది' అని తలుపు తడుతుంది. మామూలుగా రెండు సెకన్లకోసారి ఎక్సెల్ ఆ కబుర్లు అందుకుంటుంది.

ఒకే జబ్బు

స్ప్రెడ్‌షీట్ల బయట కూడా ఇదే జబ్బు, ఇదే మందు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో 1976లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ గదికి సహోద్యోగి ఒకాయన కోపంగా వచ్చాడు. ఒక ప్రోగ్రామ్‌లో తప్పు వెతుకుతూ పొద్దుటి పూటంతా పోగొట్టుకున్నాడు. చూస్తే ఆ తప్పు ముందే దిద్ది ఉంది. దిద్దిన ఫైలును తిరిగి కంపైల్ చేయడం మరిచిపోయారు, అంతే. అచ్చం మన కుర్రాడి 420. ఆ బాధ నుంచి ఫెల్డ్‌మన్ 'మేక్' అనే పనిముట్టు తయారు చేశాడు. ఏ ఫైలు ఏయే ఫైళ్ళ మీద ఆధారపడిందో ఒకచోట రాసి పెడితే, మారినవాటికి సంబంధించినవే అది తిరిగి కట్టిస్తుంది. రాయడం మరిచిన చుట్టరికానికి అక్కడా కబురు పోదు. 2018లో ఆండ్రే మొకోవ్, నీల్ మిచెల్, సైమన్ పేటన్ జోన్స్ ఒక పరిశోధనా పత్రంలో మేక్‌నూ ఎక్సెల్‌నూ పక్కపక్కన పెట్టి, రెండూ ఒకే జాతివని చూపించారు.

ఆ పేటన్ జోన్స్ ఇంకో ఇద్దరితో కలిసి 2003లోనే, ఎక్సెల్ వాడేవాళ్ళు వేరే భాష నేర్చుకోకుండా ఫార్ములాలతోనే సొంత ఫంక్షన్లు రాసుకోగలగాలని వాదించారు. అది ఫలించడానికి 17 ఏళ్ళు పట్టింది. 2020 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ 'లాంబ్డా' ఫంక్షన్‌ను ప్రకటించింది. 2022లో గూగుల్ షీట్స్‌లో కూడా ఇలా ఫార్ములాకు పేరు పెట్టుకునే వీలు వచ్చింది. లాంబ్డాతో రాసిన ఫంక్షన్ ఎక్సెల్ సొంత భాషలోనే ఉంటుంది కనుక ఎక్సెల్ దాన్ని చదవగలదు. దాని లోపల ధరలు!బి2 అని రాసినా చుట్టరికం పటానికి ఎక్కుతుంది. మన పాలబిల్లు లాంటి లెక్క ఇవాళ కొత్తగా రాయాలంటే విజువల్ బేసిక్ జోలికి పోనక్కరలేదనే నా అభిప్రాయం. కానీ పాత ఫైళ్ళు ఎక్కడికీ పోలేదు. సొసైటీల్లో, స్కూళ్ళలో, బియ్యం మిల్లుల్లో, ఎవరో రాసిచ్చి వెళ్ళిపోయిన ఫంక్షన్లతో అవి ఇంకా బిల్లులు వేస్తూనే ఉన్నాయి.

మీ దగ్గర అలాంటి ఫైలు ఉంటే ఒక పని చేయండి. ముందు దానికి నకలు తీసుకోండి. ఆ నకలులో రేటు ఉన్న గడిని ఒక్క రూపాయి పెంచి, మొత్తం ఉన్న గడి వైపు చూడండి. తరవాత కంట్రోల్, ఆల్ట్, ఎఫ్9 మూడు మీటలూ కలిపి నొక్కండి. మైలతో నిమిత్తం లేకుండా తెరిచి ఉన్న ఫైళ్ళన్నిటినీ మొదటి నుంచీ కట్టించే ఆజ్ఞ అది. నొక్కకముందు కదలని మొత్తం నొక్కాక కదిలితే, ఆ షీటులో కబురు అందని గడి ఉన్నట్టే. దాన్ని వెతికి, రేటును బ్రాకెట్లలోకి తెచ్చేదాకా ఆ ఫైలు వేసిన బిల్లు మీద సంతకం చేయకండి.